తుపాకీ లేని వేట

“కనిపించిందా?”

“ఆ... కనిపించింది నాన్నా!”

అది అబద్ధమని ఆ క్షణంలో నాకు తెలియలేదు.

మూడేళ్ల క్రితం ఓ జనవరి ఉదయం. నేలపట్టు చెరువు ఒడ్డున వాచ్‌టవర్ మీద నిలబడ్డాం. ఎదురుగా నీళ్లలోనే పెరిగిన కడప చెట్లు. కొమ్మకొమ్మకీ తెల్లటి ముద్దల్లా పక్షులు. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి రైల్లోనే ఊరించి ఊరించి చెప్పాను... గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి మరీ చేపలు తింటుందని, దాన్ని మనం కళ్లారా చూడబోతున్నామని. నా మెడలో కొత్త బైనాక్యులర్స్. ఎగ్జిబిషన్‌లో బేరమాడి తొమ్మిదొందలకు కొన్నాను. పెట్టె మీద ‘50 రెట్లు’ అని పెద్దక్షరాలు. ఎర్రగా తళతళలాడే అద్దాలు. తీరా కంటికి పెట్టుకుంటే అంతా మసక! చెయ్యి ఇసుమంత కదిలితే చాలు, చెట్టుకు చెట్టే భూకంపం వచ్చినట్టు ఊగిపోతోంది.

“ఇక్కణ్నుంచి లాభంలేదు, ఇంకాస్త దగ్గరికెళ్దాం” అంటూ టవర్ దిగాను. కట్ట పక్క తుప్పల్లోంచి నీటి అంచుదాకా వెళ్లాను. అంతే! ఒక్కసారిగా రెక్కల చప్పుడు. దగ్గరి చెట్టు మీది పక్షులన్నీ లేచిపోయాయి. అవి గాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చేలోపే రెండు కాకులు ఆ చెట్టు మీద వాలాయి. ఒకటి గూట్లోంచి గుడ్డును ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

“ఏంది సార్ మీరు చేసిన పని?” అంటూ వెనక నుంచి ఓ గొంతు. అక్కడ కాపలా ఉండే పెద్దాయన. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువుంది. “మా చిన్నప్పుడు ఉండేలు పట్టుకోని తిరిగినోళ్లకీ మీకూ తేడా ఏముంది సార్? వాళ్లు రాయి ఏసినారు, మీరు అడుగేసినారు. అంతే గదా!”

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి కళ్లజోడు తుడుచుకుంటూ మెల్లగా అంది. “నాన్నా, నాకు నిజంగా ఏమీ కనిపించలేదు. నువ్వు బాధపడతావనే కనిపించిందన్నా.”

ఆ తర్వాత రెండేళ్లు మా ఇంట్లో నేలపట్టు పేరెత్తలేదు.

వేటగాళ్ల పాఠం

బైనాక్యులర్స్ ఎలా ఎంచుకోవాలో బాగా తెలిసినవాళ్లు ఎవరా అని వెతికితే, చిత్రంగా వేటగాళ్లే కనిపిస్తారు! మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు తెరపడింది. లైసెన్సుతో వేటకు అనుమతి ఉన్న దేశాల్లో మాత్రం ‘తుపాకీ మీద కాదు, అద్దాల మీద ఖర్చుపెట్టు’ అని పాతకాపులు కొత్తవాళ్లకు చెబుతుంటారు. ఎందుకంటే... వేటలో తుపాకీ పేల్చేది ఏ ఒక్కసారో. చూడటం మాత్రం గంటల తరబడి. ఒకచోట కదలకుండా కూర్చుని, ఎదుటి కొండను పొలం దున్నినట్టు చాలుచాలుగా వెతుకుతారు. జంతువు తమను చూడకముందే తాము దాన్ని చూడాలి. దాని పక్కకు వెళ్లకుండానే అది ఏమిటో, ఎంత వయసుదో తేల్చుకోవాలి.

పక్షుల్ని చూసేవాళ్లకూ కావలసింది సరిగ్గా ఇదే. తేడా అల్లా చివరి క్షణంలోనే!

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాడు సలీం అలీ. చిన్నప్పుడు సరదాగా బొమ్మ తుపాకీతో ఓ పిచ్చుకను కొట్టి, దాని రంగు వింతగా ఉందేమిటని ఆరా తీస్తూ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు. అలా మొదలైన ఆసక్తి ఆయన్ని దేశంలోకెల్లా పేరున్న పక్షి శాస్త్రవేత్తను చేసింది. 1985లో వచ్చిన ఆత్మకథకు ‘ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అని ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ సంస్థానంలోని పక్షుల్ని సర్వే చేసిందీ ఆయనే. ఆ రోజుల్లో పక్షిని అధ్యయనం చేయాలంటే చాలావరకు దాన్ని కాల్చి నమూనాగా భద్రపరచాల్సి వచ్చేది. తుపాకీ చేసే ఆ పనిని ఇప్పుడు మంచి అద్దాలు చేస్తున్నాయి... పక్షి ఈక కూడా రాలకుండా!

ఎనిమిది, నలభైరెండు

ఈసారి తొందరపడలేదు. కోఠీలోని ఓ కెమెరాల దుకాణానికి వెళ్లి, ఉన్నవన్నీ చూపించమని అడిగాను. ప్రతిదాని మీదా రెండు అంకెలు. 8×42, 10×50, 10×25... మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందుండే పెద్ద అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో.

మొదటి అంకెను దూరాన్ని భాగించే లెక్క అనుకోండి. నాలుగొందల మీటర్ల దూరంలో ఉన్న పక్షి 8 రెట్ల అద్దాల్లో యాభై మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. మరి 10 రెట్లయితే ఇంకా మంచిదే కదా, 50 అయితే ఇంకెంత బాగుంటుందో అనిపిస్తుంది. నేను బోల్తాపడింది అక్కడే! పక్షితోపాటు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పది దాటితే స్టాండు లేకుండా నిలకడగా చూడటం కష్టం. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గిపోతుంది. కిలోమీటరు దూరంలో 8 రెట్ల అద్దాలు సుమారు 130 మీటర్ల వెడల్పు చూపిస్తే, 10 రెట్లవి 110 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఎగిరే పక్షిని అందులో ఇరికించాలంటే తంటాలే.

రెండో అంకెను మొదటిదానితో భాగించండి. 42ని 8తో భాగిస్తే అయిదుకు కాస్త పైన. కంటిలోకి వచ్చే కాంతి వలయం అన్ని మిల్లీమీటర్లు ఉంటుందన్నమాట. మసక వెలుతురులో మన కంటిపాప కూడా ఇంచుమించు అంతే విచ్చుకుంటుంది. జేబులో పట్టే 10×25 తీసుకుంటే ఆ వలయం రెండున్నర మిల్లీమీటర్లే. మిట్టమధ్యాహ్నం ఫర్వాలేదు. కానీ పక్షులు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సందెవేళ. అప్పుడు చిన్న అద్దాలు చీకట్లు కమ్మినట్టే చూపిస్తాయి. అందుకే చాలామంది మొగ్గేది 8×42 వైపు. బరువు ముప్పావుకిలోకు అటూఇటూ. 10×50 కిలోకు దగ్గరపడుతుంది. కొట్లో అయిదు నిమిషాలు పట్టుకున్నప్పుడు తెలియదుగానీ, మధ్యాహ్నానికి మెడ చెబుతుంది ఆ తేడా!

కొనేముందు దుకాణంలోనే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. గుమ్మంలోకి వచ్చి దూరంగా ఉన్న సైన్‌బోర్డును చూడండి. అక్షరాల అంచుల్లో ఊదా, పచ్చ రంగులు అలుముకుంటే అద్దం నాసిరకం. రెండు కళ్లకూ బొమ్మ ఒక్కటిగా కలవాలి. రెండుగా విడిపోయినట్టున్నా, తల లాగుతున్నట్టనిపించినా వద్దనేయండి. చెయ్యంత దూరంలో పట్టుకుని కంటివైపు అద్దాల్లోకి చూస్తే రెండు కాంతి వలయాలు కనిపిస్తాయి. గుండ్రంగా ఉంటే మంచి పట్టకాలు వాడినట్టు, అంచులు పలకలుగా కోసుకుపోయి ఉంటే ఖర్చు తగ్గించుకున్నట్టు. ఎర్రద్దాలు, జూమ్ మీటలు చూసి మోసపోవద్దు. సినిమాల్లో సైనికాధికారి చేతిలో ఉండే వెడల్పాటి రకం తక్కువ ధరలో మంచి బొమ్మ చూపిస్తుంది. నిటారు గొట్టాల్లా ఉండే రకం పట్టుకోవడానికి తేలిక. లోపల నైట్రోజన్ నింపి మూసినవైతే తేమకు మసకబారవు.

కళ్లజోడు ఉన్నవారికి ఓ ముఖ్యమైన మాట. కంటి దగ్గరుండే రబ్బరు గిన్నెల్ని కిందకి తిప్పాలి, లేదా మడవాలి. ‘ఐ రిలీఫ్’ 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లేకపోతే మధ్యలో ఓ చిన్న చిల్లు, చుట్టూ నలుపు... అంతే కనిపిస్తుంది. ఇది విన్నాక చాలాసేపు నాకు నోట మాట రాలేదు. ఆ రోజు మా అమ్మాయికి కనిపించింది అదే!

రెండు కళ్ల చూపూ ఒకేలా ఉండదు కాబట్టి సర్దుబాటు కూడా నేర్చుకోవాలి. ముందు కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమకంటికి స్పష్టంగా కనిపించేలా చూసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడికంటి దగ్గరుండే రింగు తిప్పాలి. ఒక్కసారి కుదిరిందా... ఆపైన మధ్య చక్రంతోనే పని.

అన్నీ చూసుకుని పదివేల చుట్టూ పెట్టి ఓ 8×42 తీసుకున్నాను. ఇంట్లో చీవాట్లు మామూలే!

మెడలోనా... సంచిలోనా?

కొనడం ఒకెత్తు, మోయడం ఒకెత్తు. సంచిలో ఉన్న బైనాక్యులర్స్ ఇంట్లో ఉన్నట్టే లెక్క. జిప్పు తీసేలోపు పక్షి ఎగిరిపోతుంది. అవి ఎప్పుడూ గుండెల మీదే ఉండాలి. పట్టీ పొడవుగా వదిలేస్తే నడిచినప్పుడల్లా పొట్టకు కొట్టుకుంటాయి, వంగితే రాయికి తగులుతాయి. అందుకే కురచగా బిగించాలి. వేటగాళ్లు వాడే పద్ధతి ఇంకా మేలు. రెండు భుజాల మీదుగా వెళ్లి వీపు మీద కలిసే హార్నెస్ పట్టీ. బరువంతా మెడను వదిలి భుజాలకు చేరుతుంది.

చూడటంలోనూ ఓ కిటుకుంది. పక్షి కనపడగానే తల దించి బైనాక్యులర్స్ వైపు చూడకండి. చూపు పక్షి మీదే ఉంచి అద్దాల్ని కళ్ల దగ్గరికి తేవాలి. పిల్లలకు ఇచ్చేటప్పుడు ముందు పట్టీ వాళ్ల మెడలో వేశాకే చేతులు వదలాలి. బస్సులో పైన రాక్‌లో పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకోండి. కుదుపులకు లోపలి పట్టకాలు పక్కకు జరిగితే రెండు బొమ్మలు కనిపిస్తాయి. చొక్కా అంచుతో తుడవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దుమ్ము ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపాకే గుడ్డ పెట్టాలి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో దాస్తే బూజు పట్టదు. ఇంకోమాట... వాటితో సూర్యుణ్ని మాత్రం పొరపాటున కూడా చూడొద్దు. కళ్లకే ముప్పు.

మళ్లీ అదే టవర్

గత జనవరిలో మళ్లీ బయల్దేరాం. గూడూరు జంక్షన్‌లో దిగి, చెన్నై హైవే మీదుగా దొరవారిసత్రం వైపు. ముందుగా వెళ్లింది పులికాట్‌కు. చిలకా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. షార్ గేటు లోపలికి అనుమతి ఉన్నవారికే ప్రవేశంగానీ, పక్షుల కోసం అంతదూరం అక్కర్లేదు. అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన ఆగి చూస్తే, దూరంగా నీళ్ల మీద గులాబీ గీత. ఒట్టి కళ్లకు అది గీతే. అద్దాల్లో మాత్రం వందల ఫ్లెమింగోలు! తల కిందులుగా నీళ్లలో ముంచి, వంకర ముక్కుతో బురదను జల్లెడపడుతున్నాయి. గులాబీ రంగు రాని బూడిదరంగు పిల్లలు కూడా వాటి మధ్య ఉన్నాయి. రోడ్డు దిగి ఒక్క అడుగు కూడా వేయలేదు. అవసరం రాలేదు.

మర్నాడు నేలపట్టు. 2022లో జిల్లాలు మారాక ఇది నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. విస్తీర్ణం సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లే అయినా గూడబాతులకు పెట్టింది పేరు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు వీటికి ఇరుగుపొరుగు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు ఎరువుతో సమానమని చుట్టుపక్కల రైతులు వీటిని ఇంటి చుట్టాల్లా చూసుకుంటారు.

టవర్ కింద అదే పెద్దాయన. నన్ను గుర్తుపట్టాడు. మెడలో ఉన్నవాటిని ఎగాదిగా చూసి, “దుర్బీను మారినట్టుందే!” అన్నాడు.

“ఈసారి కిందకి దిగను పెద్దాయనా” అన్నాను.

పైకెక్కాక ముందు ఆయనకే ఇచ్చాను. “ఏళ్ల తరబడి వట్టి కండ్లతోనే చూస్తా ఉండా సార్, ఇంక ఇందులో ఏముంటాదిలే” అంటూనే కంటికి పెట్టుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “అదో... ఆ గూట్లో మూడు పిల్లకాయలుండాయి. ఇన్నాళ్లూ రెండే అనుకుంటి” అన్నాడు.

మా అమ్మాయికి రబ్బరు గిన్నెలు కిందకి తిప్పి, పట్టీ మెడలో వేసి ఇచ్చాను. కళ్లజోడుతోనే చూసింది. చక్రం అటూఇటూ తిప్పింది. ఆగింది. చెరువంతా ప్రశాంతంగా ఉంది. ఒక్క పక్షి కూడా మావైపు తల తిప్పలేదు.

“కనిపించిందా?” అన్నాను.

జవాబు లేదు. రెండు నిమిషాలాగి మళ్లీ అడిగాను.

అద్దాల్లోంచి కన్ను తీయకుండానే ఎడమచేత్తో నన్ను వారించింది. “ష్... ఉండు నాన్నా, అది ఇంకా తింటోంది!”