పలకను దాచిన పాప

మా పాపకు మూడున్నరేళ్లు నిండాయి. సిద్దిపేటలో మా వీధి పిల్లలందరూ అప్పటికే నర్సరీకి వెళ్తున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఆ వయస్సు వచ్చేవరకు ఇంట్లోనే నేర్పాలని మేమిద్దరం సంకల్పించుకున్నాము. "పిల్ల వెనుకబడితే బాధ్యత ఎవరిది?" అని పాప నానమ్మ అడిగారు. ఆ భయం మాలోనూ లేకపోలేదు.

భయంతోనే తప్పు చేశాము. గోడకు నల్లబల్ల, గంటల పట్టిక, రోజుకు రెండు పుటల రాత. నెల తిరగకముందే పాప తన పలకను బియ్యం డబ్బా వెనుక దాచేసింది. ఇంటిని బడిగా మార్చబోయి బిడ్డకు ఇల్లే లేకుండా చేశామని అప్పుడు గ్రహించాము.

దైవప్రవక్త (స) తమ కుమార్తె జైనబ్ (రజి) బిడ్డ ఉమామాను ఎత్తుకొనే నమాజు చేశారని, సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకున్నారని హదీసు తెలుపుతోంది. ఆరాధనలోనే పసిబిడ్డకు చోటున్నప్పుడు మా ఇంటి పనుల్లో ఎందుకుండరాదు?

పట్టిక తీసివేశాము. వుజూలో చేతులు మూడుసార్లు, ముఖం మూడుసార్లు కడుగుతూ పాప లెక్క నేర్చుకుంది. "తలకు ఒక్కసారేనా?" అని తానే అడిగింది. దస్తర్‌ఖాన్‌పై మనిషికొక పళ్లెం పెట్టింది. నానమ్మ చీర కొంగుపై గొల్లభామలను లెక్కపెట్టింది. కోమటిచెరువు గట్టున పక్షులను ఉర్దూలోనూ తెలుగులోనూ పిలిచింది.

తన పేరు రాయడం ఇంకా రాదు. నానమ్మ ప్రశ్నకు మా వద్ద పూర్తి సమాధానమూ లేదు. కాని నిన్న ఆ పలకను పాపే వెదికి తెచ్చుకొని, గొల్లభామను గీస్తానంది. ప్రయత్నం మాది, భారం అల్లాహ్‌పైన.