చెరువు గట్టు లెక్క చిప్పులో ఉంది

గుడివాడ నుంచి కైకలూరు పోయే దారిలో ముదినేపల్లి. చుట్టూ చేపల చెరువులే కాబట్టి ఏరేటర్ మోటార్లు చుట్టే షెడ్లకు ఇక్కడ పనికి కొదవ ఉండదు. నేను వెళ్లిన షెడ్డులో మాత్రం మోటార్ల పక్కన ఓ బల్ల మీద లినక్స్ నడిచే చిన్న బోర్డు ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (ఇక్కడ అందరూ డీఓ అంటారు) చూపించే బోర్డు అది. డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది మరి.

పాత బోర్డు పిడుగుకు పోయింది. కొత్తది పెడితే సెన్సర్ అసలు పలకడం లేదని రైతు గోల.

“ఏదో ఒక అంకె చూపించరా, చాలు!”

“తప్పు అంకె చూసి ఏరేటర్లు ఆపేస్తే బొచ్చెలు తేలిపోతాయి బాబాయ్,” అన్నాడు బోర్డు పని చూసే షెడ్డు కుర్రాడు.

బోర్డు మూల ఎనిమిది కాళ్ల 24సీ02 చిప్పు. పట్టేది 256 బైట్లు. ఆ సెన్సర్‌కు మాత్రమే సరిపోయే సవరణ అంకెలు అందులో ఉండాలి. వాటిని డ్రైవర్ కోడ్‌లోనే రాసేసేవాళ్లను చూశాను. సెన్సర్ మారిన రోజు అది అబద్ధమైపోతుంది. ఈ కుర్రాడు రాసిన డ్రైవర్‌కు ఆ చిప్పు సంగతే తెలియదు. ఏ బైటు నుంచి ఎన్ని బైట్లో డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే వివరణలో) ఉంటుంది, డ్రైవర్ పేరు పెట్టి అడుగుతుంది. ఈ పద్ధతి, ఎన్‌వీమెమ్, లినక్స్ కెర్నల్‌లోకి 2015లో వచ్చింది. దాని కోడ్ తలకట్టులో శ్రీనివాస్ కందగట్ల, మాక్సిమ్ రిపార్డ్ పేర్లు కనిపిస్తాయి.

చిప్పును చదివే డ్రైవర్ ఇంకా లేవకపోతే ‘తర్వాత రా’ అన్న జవాబు వస్తుంది. దాన్ని లోపంగా లెక్కేయకుండా పైకి అలాగే పంపేస్తే కెర్నలే మళ్లీ పిలుస్తుంది. చదివాక కెర్నల్ ఇచ్చిన మెమరీని వదిలిపెట్టే బాధ్యత మనదే.

అసలు చిక్కు వేరే ఉంది: కొత్త బోర్డు మీది చిప్పు ఖాళీ. ఖాళీ చిప్పును కూడా చక్కగా చదవొచ్చు, అన్నీ ఎఫ్ఎఫ్‌లే. సంకేతమున్న సంఖ్యగా తీసుకుంటే −1. అందుకే చెక్‌సమ్ కుదరకపోతే డ్రైవర్ మొరాయిస్తుంది. ఆ మొరాయింపే నాకు నచ్చింది.

పాత బోర్డులో మిగతావన్నీ కాలినా ఆ చిప్పు బతికింది. కుర్రాడు దాని బైట్లు కొత్తదానికి ఎక్కించి, ఏడో కాలును విద్యుత్ సరఫరాకు కలిపి అతికాడు. ఇక దాని మీద రాయడం కుదరదు. రైతు ఎంతైందని అడిగాడు.