జస్‌పాల్ భట్టీ, ఓ దొంగ బిల్లు, మన ఎథిక్స్ పేపర్

దొంగ మెడికల్ బిల్లుల మీద కేస్ స్టడీ వస్తే మీరేం రాస్తారు? "నియమాల ప్రకారం చర్య తీసుకుంటాను" అని మూడు లైన్లు, కింద ఓ ఫ్లోచార్ట్. నేనూ అదే రాశాను. 'ఫ్లాప్ షో'లో మెడికల్ బిల్లుల ఎపిసోడ్ చూశాక ఆ జవాబు మళ్లీ చదువుకుంటే సిగ్గేసింది.

భట్టీ 1955లో అమృత్‌సర్‌లో పుట్టారు. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదువుతూనే 'నాన్సెన్స్ క్లబ్' పేరుతో వీధి నాటకాలు వేశారు. తర్వాత 'ట్రిబ్యూన్'లో కార్టూన్లు, దూరదర్శన్‌లో 'ఉల్టా పుల్టా'. 1989లో వచ్చిన 'ఫ్లాప్ షో' పది ఎపిసోడ్లే. భార్య సవిత కూడా అందులో నటించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రసార భారతి ఏర్పడింది 1997లో. అంటే అప్పటికి దూరదర్శన్ నేరుగా ప్రభుత్వం చేతిలో ఉంది. అదే తెర మీద కాంట్రాక్టరుతో కుమ్మక్కైన ఇంజినీరు, ఏమీ తేల్చని మీటింగులు, పరిశోధక విద్యార్థితో ఇంటి చాకిరీ చేయించుకునే పీహెచ్‌డీ గైడు! భావప్రకటనా స్వేచ్ఛ మీద వ్యాసం వస్తే అందరూ 19(1)(ఎ)తో మొదలుపెడతారు. మీరు దీంతో మొదలుపెట్టి చూడండి.

అయితే ఓ అభ్యంతరం ఉంది. ఆయన పెద్ద తలకాయల్ని వదిలేసి చిన్నవాళ్ల మీద పడ్డారని, అందుకే ప్రసారం కానిచ్చారని అనొచ్చు. కొంత నిజమే కావచ్చు. కానీ మంత్రిని తిడితే మనం హాయిగా చప్పట్లు కొడతాం. బిల్లు పెట్టే గుమాస్తాను చూపిస్తే అలా కొట్టలేం. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నప్పుడు పన్ను తగ్గించుకోవడానికి లేని ఇంటి అద్దె రసీదులు నేనూ పెట్టాను. ఆఫీసులో అందరూ పెట్టేవాళ్లు. ఎవరూ అడగలేదు. ఆ ఎపిసోడ్‌లో నాకు కనిపించింది మంత్రి కాదు, నేనే. ఇప్పుడు 'సత్యనిష్ఠ'కు నిర్వచనం రాస్తుంటే పెన్ను కాస్త తడబడుతోంది.

2012 అక్టోబర్ 25న జలంధర్ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో భట్టీ చనిపోయారు. తన 'పవర్ కట్' సినిమా ప్రచారానికి తిరుగుతున్న రోజులవి. ఎలక్ట్రికల్ ఇంజినీరు కరెంటు కోతల మీద తీసిన సినిమా! 2013లో పద్మభూషణ్ ప్రకటించారు, మరణానంతరం.

హిందీ భయపడేంత కష్టం కాదు. ముందు 'మీటింగ్' ఎపిసోడ్ చూడండి. తర్వాత మీ పాత కేస్ స్టడీ జవాబొకటి తీసి మళ్లీ రాయండి. నాది మూడోసారి రాస్తున్నాను.