పనిచోటు

ఇంట కూర్చుండి పనిచేయడం మనకు కొత్త కాదు. పోచంపల్లి వంటి చేనేత గ్రామాలలో మగ్గం ఇంటిలోనే ఉంటుంది. స్త్రీలు ఆసు పోస్తారు, కండెలు చుడతారు. ఇంటి పెద్ద నేతకు కూర్చుంటాడు. పక్కన ఆడుకొనే పిల్లవాడు తెగిన పోగును ముడివేసే తీరు చూస్తూ, ఎవరూ ప్రత్యేకంగా బోధించకుండానే ఆ విద్యను గ్రహిస్తాడు. తరువాతి కాలంలో కర్మాగారాలు, కార్యాలయాలు వెలసి ఇంటినీ పనినీ వేరుచేశాయి.

ఉద్యోగి పని వద్దకు పోవడానికి బదులు పనినే ఉద్యోగి వద్దకు చేర్చవచ్చునని భావించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ నిలెస్, 1973లో ఆ పద్ధతికి ‘టెలికమ్యూటింగ్’ అని పేరు పెట్టాడు. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ఆ భావన మన ముంగిట నిలిచింది. హైదరాబాదులోని మాదాపూర్ కార్యాలయాలు మూతపడగా, ఎందరో యువకులు స్వగ్రామాల నుండే కొలువు చేశారు. ప్రయాణపు బడలిక, అద్దె భారం తగ్గాయి. తల్లిదండ్రుల చెంత ఉండే భాగ్యం దక్కింది. అయితే ఇరుకు ఇళ్ళలో పనికి ఏకాంతం కరవైంది. వంటింటి పని, ఉద్యోగపు పని ఒకేసారి మీద పడి స్త్రీలకు విశ్రాంతి లేకుండా పోయింది.

చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సంస్థలో 2010లో ఆరంభమైన ఒక ప్రయోగాన్ని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ బృందం పరిశీలించింది. వారానికి నాలుగు రోజులు ఇంటినుండి పనిచేసినవారి పనితీరు తొమ్మిది నెలలలో 13 శాతం మెరుగుపడింది. అయినను ప్రయోగం ముగిశాక వారిలో దాదాపు సగం మంది తిరిగి కార్యాలయానికే వచ్చారు. ఒంటరితనమే అందుకు ముఖ్య కారణం. అదే సంస్థలో తరువాత జరిపిన మరొక అధ్యయనం 2024లో వెలువడింది. వారానికి రెండు రోజులు ఇంట పనిచేయడం వలన పనితీరు తగ్గలేదు. ఉద్యోగం మానివేసేవారి సంఖ్య మూడవ వంతు తగ్గింది.

దీనిని బట్టి ఇల్లు మంచిదా, కార్యాలయం మంచిదా అన్న ప్రశ్న అసంపూర్ణమని తెలుస్తుంది. నేతగాని ఇంటిలో పని ఉంది, పనితోపాటు మనుషులూ ఉన్నారు. నేటి ఉద్యోగి ఇంటిలో తెర ఒక్కటే ఉంది. పని తెలిసినవానికి అది చాలవచ్చు. కొత్తగా చేరినవానికి చాలదు. సందేహం కలిగిన క్షణాన అడగడానికి, పెద్దలు చిక్కును విప్పే విధానం కళ్ళారా చూడడానికి అతనికి పక్కన ఒకరు ఉండాలి. అనుభవజ్ఞులందరూ ఇంటనే ఉండిపోతే, కొత్తవాడు కార్యాలయానికి వచ్చినా ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి.

కనుక వారంలో కొన్ని దినాలు అందరూ ఒకచోట కూడడం, తక్కినవి ఇంట గడపడం ఉభయతారకం. ఒకరి సౌకర్యానికి మరొకరి ఎదుగుదల మూల్యం కారాదు. తాను ఒకనాడు పెద్దల పక్కన కూర్చుండి నేర్చినదానిని పక్కన కూర్చుండబెట్టుకొని నేర్పడం ప్రతి ఉద్యోగి తీర్చుకొనవలసిన ఋణం.