ఇరవై ఆరో వాడు

ఈసారి బక్రీద్ ఫ్రీమాంట్‌లో, మా అబ్బాయి ఇంట్లో చేసుకున్నాం. జూన్ 16, ఆదివారం. ఇక్కడ ఖుర్బానీ ఇంటి ముందు జరగదు. ఊరి బయట ఫార్మ్‌లో చేయించి గోష్త్ ప్యాకెట్లలో తెచ్చుకుంటారు. మా ఆవిడకి ఆ పద్ధతి నచ్చలేదు గానీ ఖుర్మా మాత్రం నంద్యాలలో చేసినట్టే చేసింది. మంగళవారం సాయంత్రానికి కూడా అది మిగిలే ఉంది. పక్కింటి పెద్దాయన్ని పిలిచాం. ఆయన నల్లజాతీయుడు, డెబ్బై దాటిన మనిషి, బస్సు డ్రైవరుగా పని చేసి రిటైరయ్యాడు. మన ఖుర్మా అంటే ఆయనకి ప్రాణం. రోటీ చేత్తో తుంచి ముంచుకు తినడం కూడా నేర్చుకున్నాడు.

టీవీలో బేస్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ షికాగోలో ఆడుతున్నారు. మధ్యలో ఖబర్ వచ్చింది, విల్లీ మేస్ పోయాడని. 93 ఏళ్లు. పక్కింటాయన చేతిలో రోటీ ప్లేటులో పెట్టేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ ఎవరు, ఏమిటి అని అడక్కుండానే ఇన్నాలిల్లాహి చదివింది. ఎవరి మౌతయినా మౌతే కదా.

మన వాళ్లకి ఈ ఆట అంతగా తెలీదు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. బంతిని మైదానం దాటించి కొడితే హోమ్ రన్, మన సిక్సర్ లాగా. కాకపోతే సిక్సర్లు మ్యాచ్‌కి పది పడతాయి, హోమ్ రన్ అంత చవక కాదు. ఒక సీజన్‌లో నలభై కొడితే మొనగాడు. అందుకే ఇక్కడివాళ్లు ఆ అంకెల్ని తస్బీ పూసల్లా లెక్కపెడతారు. బేబ్ రూత్ 714. హాంక్ ఆరన్ 755. బారీ బాండ్స్ 762. ఆ మూడో పేరు ఏ ఇంట్లో ఎత్తినా బహస్ మొదలవుతుంది.

మా ఇంట్లోనూ అదే అయింది. పక్కింటాయన ముందు మేస్ గురించి చెప్పాడు. ఆ జట్టు న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 1958లో వచ్చిందట. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో మేస్‌ని చూశానన్నాడు. 660 హోమ్ రన్లు, పన్నెండు గోల్డ్ గ్లవ్‌లు, మధ్యలో దాదాపు రెండేళ్లు ఫౌజ్‌లో పోయినా కూడా. 1954 ఫైనల్స్‌లో వెనక్కి తిరిగి పరిగెత్తుతూ భుజం మీదుగా పట్టిన క్యాచ్ ఇప్పటికీ చూపిస్తారు. "అన్నీ వచ్చిన ఆటగాడు ఆయన ఒక్కడే," అన్నాడు.

ఇంగ్లీషులో ఆమెకి తెలిసేవి అంకెలే. 1958 అనగానే మా ఆవిడ నవ్వింది. "ఈయన కూడా 58 సరుకే," అంది ఉర్దూలో. మా పోతా తలెత్తి నా వంక చూశాడు. వాడికి పదహారేళ్లు. ఏమీ అనలేదు.

వాడి లెక్కలో అందరికన్నా గొప్పవాడు ఓటానీ. ఒక్కడే బంతీ వేస్తాడు, బ్యాటూ పడతాడు. కానీ ఆడేది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి. జెయింట్స్ ఇంట్లో కూర్చుని డాడ్జర్స్ వాడి పేరెత్తడం అంటే పెళ్లివారింట్లో కూర్చుని వేరే సంబంధం పొగిడినట్టు. మా అబ్బాయి వాడి నెత్తిన ఒకటి వేసి, "బాండ్స్. మిగతాదంతా బక్వాస్," అన్నాడు.

బాండ్స్ మేస్‌కి వరసకి కొడుకులాంటి వాడు. బాండ్స్ వాళ్ల నాన్న కూడా ఆటగాడే, మేస్‌తో కలిసి ఆడాడు. చర్చిలో ఆ బిడ్డకి పెద్దదిక్కుగా నిలబడింది మేసే. ఆ బిడ్డ 2001లో 73 హోమ్ రన్లు కొట్టాడు. ఒక్క సీజన్‌లో అన్ని కొట్టినవాడు అంతకుముందూ లేడు, తర్వాతా లేడు. అప్పటికి వయసు ముప్పై ఏడు. మామూలుగా ఆ వయసుకి చూపు, నడుము రెండూ తగ్గుతాయి. ఈయనకి పెరిగాయి. 2001 నుంచి 2004 దాకా వరసగా నాలుగేళ్లు ఉత్తమ ఆటగాడు. 2004లో ఎదుటి జట్లు ఆయనకి బంతి వేయడానికే జంకి 120 సార్లు కావాలని నడిపించి పంపేశాయి.

తర్వాత కథ బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే బర్లింగేమ్‌లో బాల్కో అనే కంపెనీ. టెస్టులకి దొరకని స్టెరాయిడ్లు ఆటగాళ్లకి అందించింది. ఒకటి నాలుక మీద వేసుకునే చుక్కల మందు, ఒకటి ఒంటికి రాసుకునే మలాం. 2003లో గ్రాండ్ జ్యూరీ ముందు బాండ్స్ ఖసం చేసి చెప్పాడు, తెలిసి ఏదీ వాడలేదని, ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె, కీళ్లనొప్పుల మందు అనుకున్నానని. 2011లో ఇన్సాఫ్‌కి అడ్డుపడ్డాడని ఒక నేరం రుజువైంది. 2015లో అప్పీలు కోర్టు అదీ కొట్టేసింది.

కోర్టు వదిలినా ఆట వదల్లేదు. కూపర్స్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. స్పోర్ట్స్ రాసేవాళ్లు ఓట్లేస్తారు, 75 శాతం రావాలి. పదిసార్లు బ్యాలెట్‌లో పేరుంది. పదోసారి, 2022లో, 66 శాతం దగ్గర ఆగిపోయింది. 354 మ్యాచ్‌లు గెలిచిన బౌలర్ రోజర్ క్లెమెన్స్‌దీ అదే గతి. ఆయన మీదా ఇదే షక్.

ఇక్కడ నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

నాకు బాండ్స్ అంటే మొదటి నుంచీ ఒక పక్షపాతం ఉంది. ఎందుకో చెప్పాలంటే అజహర్ దగ్గరికి వెళ్లాలి. 2000లో అజహరుద్దీన్ మీద జీవితకాలం నిషేధం పెట్టినప్పుడు మన ఇళ్లల్లో ఎంత బహస్ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తొంభై తొమ్మిది టెస్టుల మనిషి, నూరోది ఆడలేదు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. మన వాడు అనుకున్న వాడి మీద షక్ పడితే సబూత్ అడుగుతాం. పరాయి వాడయితే అక్కర్లేదు. నేను అంతే.

అందుకని గట్టిగా వాదించాను. "అప్పుడు టెస్టులే లేవు కదా! 2003 దాకా లేవు. 1994లో సమ్మె చేసి ఫైనల్సే రద్దు చేసుకున్నారు, జనం మొహం చాటేశారు. 1998లో మెక్‌గ్వయర్ 70, సోసా 66 కొడితే అందరూ చప్పట్లు కొట్టారు. మెక్‌గ్వయర్ లాకర్‌లో సీసా కనిపించిందని రాసిన విలేఖరినే తిట్టారు. పన్నెండేళ్ల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అన్నేళ్లూ కమిషనర్ కుర్చీలో కూర్చున్న సెలిగ్‌ని 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కళ్లు మూసుకున్నవాడు లోపల, మందు వేసుకున్నవాడు బయట. ఇదేం ఇన్సాఫ్?"

మా అబ్బాయి, "వాహ్ అబ్బా!" అన్నాడు. నాకు ఇంకా ఊపొచ్చింది. "బేబ్ రూత్ ఆడినన్నాళ్లూ నల్లవాళ్లని ఆ మైదానంలోకే రానివ్వలేదు. జాకీ రాబిన్సన్ వచ్చింది 1947లో. నల్ల బౌలర్లని ఎదుర్కోకుండా కొట్టిన 714 పక్కన ఎవరైనా స్టార్ గుర్తు పెట్టారా?"

స్టార్ గుర్తు సంగతి చెప్పాలి. బాండ్స్ ఆరన్‌ని దాటిన 756వ బంతిని ఒకాయన ఏడున్నర లక్షల డాలర్లకి కొని, ఏం చేయమంటారని జనాన్ని ఓట్లడిగాడు. దాని మీద స్టార్ గుర్తు వేసి మ్యూజియంకి పంపమన్నారు. ఆ గుర్తుతోనే కూపర్స్‌టౌన్ చేరింది. మనిషికి దొరకని చోటు బంతికి దొరికింది.

పక్కింటాయన నా మాటలన్నీ విన్నాడు. రూత్ గురించి చెప్పింది నిజమేనన్నాడు. నీగ్రో లీగ్స్ లెక్కల్ని పోయిన నెలే అసలు రికార్డుల్లో కలిపారని, ఇప్పుడు బ్యాటింగ్ సగటులో అందరికన్నా పైన ఉన్నది జాష్ గిబ్సన్ అనీ చెప్పాడు. గిబ్సన్ 1947 జనవరిలోనే పోయాడు. రాబిన్సన్ మైదానంలో అడుగు పెట్టడం కూడా చూడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "కానీ నాకు లెక్క 755 దగ్గరే ఆగిపోయింది." 1974 ఏప్రిల్‌లో ఆరన్ 715వది కొట్టడానికి ముందు చంపేస్తామని ఉత్తరాలొచ్చేవి. అలాంటి రోజుల్లో కూడా ఆరన్ మైదానంలోకి దిగి ఆడాడు. "ఆ అంకె ఆయన అలా సంపాదించుకున్నది," అన్నాడు.

నేను తగ్గలేదు. "ఆ జమానాలో అందరూ వాడారు," అన్నాను. "అందరూ చేసినప్పుడు ఒక్కడి తప్పెలా అవుతుంది?"

అప్పుడు మా పోతా అడిగాడు, "అందరూనా దాదా? అప్పుడు టీములో 25 మందే. మందు వేసుకోను అన్నవాడు ఒకడుంటాడు కదా, ఇరవై ఆరో వాడు. కింది లీగుల్లోనే ఉండిపోయి ఇంటికెళ్లిపోయి ఉంటాడు. వాడి పేరేంటి?"

వాడు ఈ వసంతంలో స్కూల్ టీమ్ లిస్టులో లేడు. రెండేళ్లు ఆడి, ఈసారి కట్ అయ్యాడు. అక్కడ మందూ లేదు, మోసమూ లేదు. వాడికన్నా బాగా ఆడేవాళ్లు వచ్చారంతే. కానీ లిస్టు కింద నిలబడి పేరు వెతుక్కోవడం ఎలా ఉంటుందో వాడికి తెలుసు. నేను పైన పేరున్న వాళ్ల గురించే మాట్లాడుతున్నాను. రూత్, ఆరన్, బాండ్స్.

నాకు జవాబు రాలేదు. ఇరవై ఆరో వాడి పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను.

నేను పుట్టింది 1958 రంజాన్‌లో. అమ్మీకి ఇరవై ఏడో రోజా నాడు నొప్పులొచ్చాయట. నా కాగితాల్లో ఉన్నది 1 జులై 1960. ఈ రెంటి మధ్య తేడా బాల్ బ్యాడ్మింటన్. ఆ రోజుల్లో నంద్యాలలో సాయంత్రమైతే ప్రతి ఖాళీ స్థలంలో పసుపు ఊలు బంతి ఎగురుతూ ఉండేది. నేను బాగా ఆడేవాణ్ని. చదువులో వెనకబడి తొమ్మిదిలోకి వచ్చేసరికి పోటీల వయసు దాటిపోయాను. డ్రిల్లు సారు ఇంటికొచ్చి అబ్బాతో మాట్లాడాడు. "అందరూ చేస్తున్నదే భాయ్, ఒక్క టీసీ మారిస్తే చాలు," అన్నాడు. బడి మార్చారు, కొత్త టీసీలో రెండేళ్లు తగ్గాయి. అబద్ధం నేను రాయలేదు. కానీ అడిగిన ప్రతిచోటా ఆ తేదీ చెప్పింది నేనే.

1974 చివర్లో జిల్లా జట్టుకి సెలెక్షన్లు. ఆటలో దిగేది ఐదుగురు. మాలో ఇద్దరికి మీసాలొచ్చేశాయి, ఒకణ్ని షేవ్ చేసుకు రమ్మన్నారు. నేను ఐదోవాణ్ని. ఆరోవాడు మా గల్లీ వాడే, జట్కా తోలే ఆయన కొడుకు. ఎడమచేతి వాటం. నిజంగా పద్నాలుగేళ్లు. నాకన్నా రెండేళ్లు చిన్న, ఒక జానెడు పొట్టి. ఆ వయసులో రెండేళ్లంటే ఎంత బలమో ఆడినవాళ్లకి తెలుసు. ఆరోవాడికి ఖర్చులు దండగ అన్నారు. వాడు ఆగిపోయాడు.

నా అసలు వయసు వాడికి తెలుసు. ఒకే గల్లీ, తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్క మాట చెబితే నేను ఆగేవాణ్ని. చెప్పలేదు. మేం అనంతపురం బస్సెక్కే రోజు వచ్చి నా సంచి పైకి అందించాడు.

ఆ సర్టిఫికెట్ తర్వాత నా ఉద్యోగం ఫైల్లో ఉంది. దాని వల్లే ఉద్యోగం వచ్చిందా? చెప్పలేను. బాండ్స్ 73లో ఎన్ని మందువి, ఎన్ని మెహనత్‌వి అని ఎవరైనా చెప్పగలిగితే నాదీ చెప్పొచ్చు. ఒకటి మాత్రం కచ్చితం. రెండేళ్లు ఎక్కువ సర్వీసు చేశాను. 2020లో అరవై నిండాయని పూలదండ వేశారు, అప్పటికి నాకు అరవై రెండు. నా వెనక ప్రమోషన్ కోసం నిలబడ్డవాడు ఆ రెండేళ్లూ నిలబడే ఉన్నాడు. పాస్‌పోర్టులో అదే తేదీ, వీసాలో అదే తేదీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినప్పుడు ఆఫీసరు పుట్టినతేదీ అడిగితే తడబడకుండా చెప్పాను. యాభై ఏళ్ల ప్రాక్టీసు.

ఇదంతా ఆ రాత్రి ఇషా తర్వాత పోతాకి చెప్పాను. మా అబ్బాయి కూడా విన్నాడు. వాడికీ కొత్తే. నా పుట్టినరోజు తప్పని వాడికి తెలుసు గానీ, మన కాలపు ఇళ్లల్లో అందరికీ ఉండే జులై ఒకటి అనుకున్నాడట. పోతా ఎక్కువ అడగలేదు. "సారీ చెప్పారా దాదా?" అన్నాడు.

చెప్పలేదు. వాడు నంద్యాలలోనే ఉన్నాడు, సైకిల్ షాపు. ప్రతి ఈద్‌కి ఈద్గాలో గలే మిలతాం. యాభై ఏళ్లలో వందసార్లు. ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు. నేను తేలేదు, వాడూ తేలేదు.

జులై ఒకటిన బహూ కేక్ తెచ్చింది, ఎప్పట్లాగే. కట్ చేశాను. పోతా చప్పట్లు కొట్టాడు గానీ నా మొహం వంక చూడలేదు. ఆ రాత్రి, అక్కడ పొద్దున, వాడికి ఫోన్ చేశాను. వానల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అడిగాను, అనంతపురం వెళ్లిన రోజు గుర్తుందా అని.

కాసేపు షాపులో పంపు కొడుతున్న చప్పుడే వినిపించింది. "గుర్తుంది," అన్నాడు. "మీ అమ్మీ దారి కోసం పూరీలు కట్టింది. నాకూ రెండు పెట్టింది."

నేను ఇంకేదో మొదలుపెట్టబోయాను. "నీకు బిల్లు పెరుగుతుంది. వచ్చాక మాట్లాడుకుందాంలే," అని పెట్టేశాడు.

వాట్సాప్ ఫోన్‌కి బిల్లుండదని వాడికీ తెలుసు. నా టికెట్ ఆగస్టు రెండో వారంలో.