అడవిలోంచి సముద్రానికి కబురు

సిద్దిపేట వాళ్ళకి సముద్రం అంటే రంగనాయక సాగరే! పేరులోనే సాగరం ఉంది. నీళ్ళ మధ్యలో గుట్ట కూడా ఉంది. మొన్నామధ్య ఓ ఆదివారం ఆ కట్ట మీద నిలబడి ఉంటే మా మేనల్లుడు అడిగాడు... 'మామా, నేవీ వాళ్ళకు మన తెలంగాణల ఏం పని? ఈడ సముద్రమే లేదు గదా!' దామగుండం గురించి పేపర్లో చదివాడట. చెప్పడం కన్నా తీసుకెళ్ళడమే నయమనిపించింది.

రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వస్తే హైదరాబాద్. నగరం దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు సాగితే దారికి రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వీటిని కొట్టేయాలా, ఉంచాలా అని ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. అక్కణ్ణుంచి వికారాబాద్ జిల్లా పూడూరు మండలం చేరితే దామగుండం అడవి. రామలింగేశ్వరస్వామి గుడితో చుట్టుపక్కల ఊళ్ళకి బాగా తెలిసిన చోటు. అడవి అంచున కారు ఆపాం. పక్షుల కూతలు తప్ప మరో చప్పుడు లేదు.

ఇక్కడే 2,900 ఎకరాల్లో, 3,200 కోట్ల రూపాయలతో నౌకాదళం రాడార్ కేంద్రం కడుతోంది. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అందరూ రాడార్ అనే అంటున్నారు గానీ, నిజానికి ఇది నీళ్ళలో దాగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రం. మామూలు రేడియో తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకి దిగగలవు. అయితే వాటి పొడవు కిలోమీటర్లలో ఉంటుంది! అందుకే అంత ఎత్తు స్తంభాలు, అంత స్థలం. జలాంతర్గామి పైకి తేలితే శత్రువుకి దొరికిపోతుంది. లోపలే ఉండి ఆదేశం వినగలగాలి... బదులు మాత్రం ఈ దారిన చెప్పలేదు. ఇలాంటి కేంద్రం మనకి తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర 1990 నుంచీ ఉంది. ఇది రెండోది.

ఒకటి చాలదా? పొరుగు సముద్రాలు చూస్తే చాలదనిపిస్తుంది. దక్షిణ చైనా సముద్రంలో చాలా భాగం తనదేనంటుంది చైనా. ఫిలిప్పీన్స్ వేసిన కేసులో 2016 జులై 12న హేగ్ ట్రిబ్యునల్ ఆ వాదన చెల్లదంది. చైనా ఆ తీర్పును లెక్కచేయలేదు. ఆ పోటీ మన వైపు హిందూ మహాసముద్రంలోకీ వచ్చింది. 2014లో చైనా జలాంతర్గామి కొలంబోలో లంగరు వేసింది. 2017లో హంబన్‌టోట రేవు 99 ఏళ్ళ లీజుకి చైనా కంపెనీ చేతికెళ్ళింది. మనమూ ఊరుకోలేదు. విశాఖలో తయారైన అణు జలాంతర్గాములు అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024లో నౌకాదళంలో చేరాయి. నీళ్ళ అడుగున తిరిగే వాటికి ఢిల్లీ మాట చేరాలిగా!

మావాడికి ఇంతవరకూ బాగానే అర్థమైంది. 'మరి ఈ చెట్లు?' అన్నాడు. అక్కడే నాకు నోరు పెగల్లేదు. లక్షల చెట్లు పోతాయని పర్యావరణవేత్తలు వ్యతిరేకించారు, హైకోర్టుకీ వెళ్ళారు. మూసీ పుట్టేది దగ్గర్లోని అనంతగిరి కొండల్లోనే. ఈ అడవిలో పడే వాన ఆ నదికే చేరుతుందని వాళ్ళ బాధ. కొట్టేవి తక్కువేననీ, మళ్ళీ నాటతామనీ, గుడికి వచ్చే భక్తుల్ని ఆపబోమనీ మరోవైపు హామీలు.

సిద్దిపేట జిల్లా వాళ్ళకి ఈ మాటలు కొత్త కాదు. మల్లన్న సాగర్ కోసం వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్ళే నీళ్ళపాలయ్యాయి. 50 టీఎంసీల ఆ జలాశయాన్ని 2022లో ప్రారంభించారు. నీళ్ళొచ్చాయి, నిజమే. ఇల్లు పోయినవాళ్ళ ముందు మాత్రం ఆ మాట గట్టిగా అనలేం. దామగుండంలోనూ కేంద్రం అవసరమేననిపిస్తుంది నాకు. ఒక్కో చెట్టుకీ లెక్క చెప్పాల్సిన బాధ్యతా ఉందనిపిస్తుంది.

తిరుగుదారిలో అనంతగిరి ఎక్కి అనంతపద్మనాభస్వామిని దర్శించుకున్నాం.  ఉదయం వెళ్తే రెండూ చూసుకుని రాత్రికి సిద్దిపేట చేరొచ్చు. రక్షణ స్థలం కాబట్టి, అడవిలోకి ఎంతవరకు వెళ్ళనిస్తారో పూడూరులో ముందే కనుక్కోండి. తిండీ నీళ్ళూ వెంట ఉంచుకోండి.