సీతాఫలముల గుట్ట బాట



మేము కాపురమున్న సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో వాకర్ టౌన్ అనే భాగమున్నది. అక్కడ నడిచేవాళ్లు ఎక్కువగనుక ఆ పేరు వచ్చిందేమోనని కొత్తవారు అడుగుతారు. కాదు, అది నిజాముల కాలపు ఒక ఆంగ్లేయ అధికారి ఇంటిపేరు. ప్రక్కనే సీతాఫల్‌మండి. ఒకప్పుడు చుట్టుపట్ల గుట్టలనుండి సీతాఫలములు గంపలతో వచ్చి అక్కడ అమ్ముడుపోయేవని పెద్దలు చెబుతారు. ఈ పండు సంగతి ముందే ఎత్తుటకు కారణమున్నది.

నెలకొకసారి మేము వెళ్లి ఆరాధన జరిగించే గ్రామమొకటి ఉన్నది. ఊరి వెనుక గుట్ట, గుట్టమీద చిట్టడవి, దానిలోగుండా కాలిబాట. ఆవలి చేలకు పోయేవారికి, బడిపిల్లలకు అదే దగ్గర దారి. ముళ్లు గీసుకుంటున్నాయని, పాముల భయమని స్త్రీల సమాజమువారు చెప్పగా, నిరుడు వేసవిలో ఇరవైమంది యౌవనస్థులను వెంటబెట్టుకొని పారలు, గడ్డపారలు, కొడవళ్లతో వెళ్లాము. బాట బాగుచేసుకొమ్మని అటవీశాఖవారు అనుమతి ఇచ్చారు. చెట్లు మాత్రము కొట్టవద్దన్నారు. పొదలు చెట్లు కావుగదా అని మేము అనుకున్నాము!

రెండు దినములు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాము. ఇరుప్రక్కల పొదలు నరికి, రాలిన ఆకును ఊడ్చి, వంకరటింకరగా పోయే బాటను తిన్నగా గుట్టపైకి తీశాము. ఊరివారు మజ్జిగ పోశారు. ఫోటో కూడ దిగాము.

జూలైలో మొదటి పెద్దవాన పడింది. తిన్నగా తీసిన బాట కాలువ అయింది. మన్నంతా కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. మా సంఘపు సహోదరి ఒకరు గడ్డిమోపుతో దిగుతూ జారిపడగా మణికట్టు విరిగింది. మేము పరామర్శకు వెళ్లినప్పుడు అక్కడున్న గొర్రెల కాపరి తాత ఒకే మాట అన్నాడు: “నీళ్లకు తొవ్వ ఇయ్యకపోతే మీ తొవ్వనే తీసుకుంటయి అయ్యగారూ.”

ఆ మాట మమ్మును నిద్రపోనియ్యలేదు. ఒక ఉదయము బంజారాహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనమునకు వెళ్లాము. సుమారు 350 ఎకరముల అడవి, నగరము నడుమ. 1998లో జాతీయ ఉద్యానవనమైనది. ఎన్నోసార్లు నెమళ్లను చూస్తూ నడిచిన చోటే గాని, ఆ దినమున కాళ్లక్రింద చూస్తూ నడిచాము. చెట్ల మొదళ్ల చుట్టూ రాలిన ఆకు రాలినట్లే ఉన్నది. వాన చినుకు దెబ్బ మొదట ఆకుమీద పడుతుంది, మన్నుమీద కాదు. పొదల వేళ్లు అంచును పట్టుకుంటాయి. మేము ఊడ్చినదీ నరికినదీ ఈ రెండే.

2016లో ఫ్లైఓవర్ల కొరకు ఈ పార్కు చుట్టునున్న చెట్లను తీయాలన్నప్పుడు నగరవాసులు వచ్చి చేతులు పట్టుకొని నిలబడ్డారు. బాటను కాపాడుటకు పార పట్టనక్కరలేని సమయములు కూడ ఉంటాయి.

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అనే అడవి బాట సుమారు 3,500 కిలోమీటర్లున్నది. 1937లో పూర్తయిన ఆ బాటను నేటికీ ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే చూసుకుంటారు, ఒక్కొక్క బృందము ఒక్కొక్క భాగమును. వారి పనిలో పెద్దభాగము నీటిని మళ్లించుటే. వాలు ఉన్నచోట రాతినో దుంగనో బాటకు అడ్డముగా, కొంచెము ఏటవాలుగా పాతుతారు. నీరు బాట వెంట పరుగెత్తక దానికి తగిలి ప్రక్క ఆకులలోనికి పోతుంది. తాత చెప్పినదీ అదే, ఆయన అమెరికా వెళ్లకుండానే చెప్పాడు.

సెప్టెంబరులో మరల వెళ్లాము. ఈసారి తాత ముందు నడిచాడు, మేము వెనుక. పాత వంకరలను మరల తెరిచాము. తిన్నటి బాటకు ముళ్లకంప అడ్డము వేశాము. నిట్టవాలులో పదిపన్నెండు అడుగులకొక రాతిని ఏటవాలుగా పాతి, ఆకును తిరిగి పరిచాము. ముఖమునకు తగిలే కొమ్మలు తప్ప ఏమియు కోయలేదు. ఫోటో దిగాలని ఎవరికీ తోచలేదు. తరువాతి వానకు బాట నిలిచింది.

అయితే దసరాకు ముందు ఇంకొక సంగతి తెలిసింది. మేము నరికినవాటిలో చాలవరకు సీతాఫలపు పొదలే. ఉమ్మడి రాష్ట్రములో 1992లో వన సంరక్షణ సమితులు మొదలైనప్పుడు, అడవిని కాచినవారికే అందులోని పండ్లు, ఆకులు దక్కాలన్నది వాటి ఉద్దేశము. ఆ ఊరి స్త్రీలకు సీతాఫలముల కాలమే చేతిలో నాలుగు రూకలు ఆడే కాలము. రోడ్డుప్రక్క గంప పెట్టుకొని కూర్చున్న అవ్వ ఒకామె, “ఈ యేడు సగం గంపనే అయ్యగారూ” అన్నది. కోపముగా అనలేదు. అందుకే ఎక్కువ నొచ్చింది. యౌవనస్థులు చందా వేసుకొని కొంత సొమ్ము తీసుకుపోగా, “పైసలెందుకు బిడ్డా, ఇగ కొట్టకుండ్రి” అని తోసివేసింది.

తరువాత ఆమే మమ్మును గుట్టమీదికి తీసుకుపోయింది. నరికిన మొదళ్లనుండి చిగుళ్లు మోకాలెత్తు లేచి ఉన్నాయి. కాపు పట్టుటకు ఇంకా రెండేండ్లు పడుతుందట. ఎవరూ మరల కొడవలి వేయకుండా ప్రతి మొదలుకు ఒక గుడ్డపేలిక కట్టాము. నలభై మూడు లెక్కకు వచ్చాయి.